కత్తి గీయబోయే మేనల్లుడికి

బాలానగర్, హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన చిత్రం అందింది. రెండు రోజులపాటు దాన్ని నా పనిబల్ల మీదే ఉంచుకొని, పని మధ్యలో తల ఎత్తినప్పుడల్లా చూస్తూ వచ్చాను. గీతలో శ్రద్ధ ఉంది, కొలతలు వేసిన తీరులో ఓపిక ఉంది, అందుకు సంతోషించాను. అయితే ఆ కాగితం మీద నాకు ఒక కత్తి కనిపించలేదు, నాలుగు కత్తులు కనిపించాయి. అలుగు, అంటే కత్తిలో కోసే ఉక్కు భాగం, బాబ్ లవ్‌లెస్‌ది. తోలు బిళ్లలు పేర్చిన పిడి, దాని చివర దుప్పి కొమ్ము విలియం స్కేగల్‌వి. అలుగుకూ పిడికీ మధ్య అడ్డుగా ఉండే ఇత్తడి గార్డు బో రాండల్‌ది. అలుగు మీది అలలూ, పిడిలో పొదిగిన వెండి తీగా బిల్ మోరాన్‌వి. నీవు ఇష్టపడిన ఈ నలుగురు అమెరికా కత్తి తయారీదారులకూ ఒకేసారి నమస్కారం పెట్టాలన్న ఆత్రుత ఇందులో ఉంది. దాన్ని నేను తప్పుపట్టను, కానీ ఈ నాలుగూ ఒకే పిడికిట్లో ఇమడవు. ఎందుకు ఇమడవో, మరి ఎలా మొదలుపెట్టాలో వివరంగా వ్రాస్తున్నాను. నిదానంగా చదువు.

ఆ పెద్దలు తమకు ముందువారి నుండి ఏమి తీసుకున్నారో, ఏమి వదిలేశారో మొదట చూడు. స్కేగల్ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్రూట్‌పోర్ట్ అనే చిన్న ఊరిలో, 1963లో కన్నుమూసే వరకు, ఒంటరిగా పనిచేసిన మనిషి. 1930 దశకం మధ్యలో అదే రాష్ట్రంలోని వాలూన్ సరస్సు ఒడ్డున ఒకాయన ఆయన చేసిన కత్తితో పడవకు పట్టిన పాత రంగును గీకుతుండగా, ఫ్లోరిడాలో నారింజ తోటలున్న రాండల్ చూశాడు. అంత మోటు పని చేసినా కత్తి వాదర, అంటే కోసే అంచు, చెడలేదు. రాండల్ ఆ కత్తిని కొనుక్కొని ఇంటికి తీసుకువెళ్లి, తానూ కత్తులు చేయడం మొదలుపెట్టాడు. ఆయన తొలి కత్తుల్లో స్కేగల్ ఛాయ స్పష్టంగా ఉంది, తోలు పిడి అక్కడి నుండి వచ్చిందే. కానీ రెండో ప్రపంచ యుద్ధం వచ్చి సైనికులు ఉత్తరాలు వ్రాసి కత్తులు అడిగేసరికి పని మారింది, పనితోపాటు అలుగూ మారింది. ఆయన మోడల్ 1 కత్తి ఆ అవసరంలో నుండి పుట్టింది. తరువాత లవ్‌లెస్. ఓడల మీద పనిచేసే ఆ యువకుడు 1950లలో న్యూయార్క్‌లోని ఒక పెద్ద దుకాణంలో రాండల్ కత్తి అడిగితే నెలల తరబడి ఆగాలన్నారు. ఆగలేక, పాత కారు స్ప్రింగు పట్టీ సంపాదించి తానే ఒకటి చేసుకున్నాడు. రాండల్ కత్తి కోసం బయలుదేరిన మనిషి చివరికి రాండల్ కత్తికి ఏమాత్రం పోలిక లేని చోటికి చేరాడు. పొడవైన అలుగు పొట్టిదైంది, మొన కిందికి దిగింది, కొలిమి వదిలి ఉక్కు పట్టీని సానపట్టి చెక్కే పద్ధతి వచ్చింది.

ఒకరి తరువాత ఒకరుగా వచ్చిన ఈ ముగ్గురిలో ఎవరూ ముందువారి గీతను గీతగా తీసుకోలేదు. ఆ గీత ఏ పనికి జవాబో తెలుసుకొని, తమ పనికి అదే ప్రశ్న వేసుకున్నారు. నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా ఈ మాట కాగితం మీద, కర్ర మీద, ఉక్కు మీద ఎలా నడుస్తుందో చెప్పడమే.

ఈ సంగతి నాకు నష్టం జరిగాకే తెలిసింది. 30 ఏళ్ల క్రితం ఒక పత్రికలో లవ్‌లెస్ కత్తి ఫోటో చూసి, దాన్ని జిరాక్స్‌లో అసలు కొలతకు పెంచి, పట్టీ మీద అంటించి, గీత తప్పకుండా కోశాను. పక్క నుండి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కానీ ఫోటోలో పిడి పొడవూ ఎత్తూ కనిపిస్తాయి తప్ప మందం కనిపించదు. నేను ఆ మందాన్ని ముందు నుండి వెనక వరకు 16 మిల్లీమీటర్లు సమానంగా ఉంచాను. దసరాకు ఊరిలో యాటను కోసినప్పుడు మా తమ్ముడు ఆ కత్తితో తోలు ఒలుస్తుంటే, తడి చేతిలో పిడి తిరిగి, వాదర వాడి బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తప్పు నాది. నేను లవ్‌లెస్ కత్తి నీడను చేశాను, కత్తిని చేయలేదు.

చాలా ఏళ్ల తరువాత అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షోకు వెళ్లాను. అక్కడ పాత కత్తులు సేకరించే ఒక పెద్దాయన తన బల్ల మీది లవ్‌లెస్ కత్తిని ఒక నిమిషం నా చేతికి ఇచ్చారు. కళ్లు మూసుకొని పట్టుకున్నాను. వాదర ఎటు ఉందో, మొన ఎంత దూరంలో ఉందో చూడకుండానే చేతికి తెలిసింది. చూపుడువేలి దగ్గర పిడి సన్నబడి, అరచేతి గుంటలోకి వచ్చేసరికి ఉబ్బి, మళ్లీ చిటికెనవేలి దగ్గర కిందికి వంగి, చేయి వెనక్కు జారకుండా పట్టి ఉంచింది. పిడి రెండు పలకల మధ్య సన్నని ఎర్ర గీత ఒకటి కనిపించింది. అది ఉక్కుకూ పలకకూ మధ్య పెట్టిన ఫైబర్ పొర. దాన్ని పిడి చివర నుండి చూస్తే, ఉక్కు వెనక్కు వచ్చేకొద్దీ పలచబడుతున్నదని అర్థమయింది. ఆ ఒక్క నిమిషంలో నేర్చుకున్నది నాకు ఆ ముందు పదేళ్ల ఫోటోలు నేర్పలేదు.

ఇప్పుడు నీ కత్తికి వద్దాం. నీ పని ఏమిటి? నీవు వేటకు వెళ్లవు, వెళ్లకూడదు కూడా. జగిత్యాల తోటలో మామిడి తొడిమలు కోస్తావు, పురికొస తాళ్లు తెంపుతావు, గోనె సంచుల కుట్లు విప్పుతావు, సెలవు రోజుల్లో శ్రీరాంసాగర్ కాలువ మీద గాలం వేసి, పట్టిన చేపను గట్టు మీదే శుభ్రం చేస్తావు. ఈ నాలుగు పనుల్లో అలుగు ఆకారాన్ని నిర్ణయించేది చివరిదే, మిగిలిన మూడింటికీ ఏ పదునైన కత్తి అయినా సరిపోతుంది. చేప కడుపు చీల్చేటప్పుడు వాదర పైకి పెట్టి, లోపలి నుండి బయటికి కోస్తావు కదా, అప్పుడు మొన పైకి లేచిన కత్తి అయితే లోపల పిత్తాశయానికి గుచ్చుకుంటుంది. పిత్తాశయం పగిలితే ముక్క చేదెక్కుతుంది, ఎంత కడిగినా పోదు. లవ్‌లెస్ జింక కడుపు చీల్చే వేటగాడి కోసం మొనను కిందికి దించింది సరిగ్గా ఇందుకే, లోపలి పేగులు చిట్లి మాంసం పాడవకుండా ఉండడానికి. కాబట్టి నీ చిత్రంలోని ఆ దిగిన మొన అందం కోసం వచ్చినా, నీ పనికి నిజంగానే పనికివస్తుంది. దాన్ని ఉంచు. మిగిలిన మూడింటిని ఒక్కొక్కటిగా ఇదే ప్రశ్న అడుగు.

రాండల్ గార్డు సంగతి తీసుకో. ముందుకు పొడిచే కత్తిలో చేయి వాదర మీదికి జారకుండా ఆ ఇత్తడి అడ్డు అవసరం. నీవు పొడవవు, కోస్తావు. కోసే చేతికి చూపుడువేలి కింద చిన్న వంపు ఉంటే చాలు. పైగా రెండు వైపులా పొడుచుకొచ్చిన గార్డు చేప కడుపులో చేయి పెట్టినప్పుడు అడ్డం తగులుతుంది. దాన్ని తీసివేయి. స్కేగల్ తోలు పిడి చలిదేశంలో చేతికి వెచ్చగా, మెత్తగా ఉంటుంది. మన ఊళ్లో, కాలువ నీళ్లలో, చేప జిగురులో అది తడిసి ఆరి, వాసన పట్టి, వదులవుతుంది. దాన్నీ వదులుకోక తప్పదు. దుప్పి కొమ్ము మాట అసలు తలపెట్టవద్దు. ఒకప్పుడు మన దేశం నుండి దుప్పి కొమ్ములు ఇంగ్లాండులోని షెఫీల్డ్‌కూ అమెరికాకూ కత్తి పిడుల కోసం ఎగుమతి అయిన మాట నిజమే. కానీ నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఆ వ్యాపారం నిషిద్ధం, అడవిలో రాలిపడి దొరికిన కొమ్ము అయినా సరే. కొమ్ము మీద నీకు నిజంగా మనసుంటే బర్రె కొమ్ము వాడు. నల్లగా, నిగనిగలాడుతూ ఎంతో బాగుంటుంది. అయితే అది తేమకు కదులుతుంది, అందుకని పలకలుగా కోసి నీడలో కొన్ని నెలలు ఆరనివ్వాలి. సానపట్టేటప్పుడు దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు మంచి మాస్క్ కట్టుకో.

నా సలహా అడిగితే మాత్రం హైలం షీట్ వాడమంటాను. లవ్‌లెస్ ఎంతో ఇష్టంగా వాడిన మైకార్టా అంటే బట్ట పొరలను రెసిన్‌తో కలిపి ఒత్తిన పలక. మన సనత్‌నగర్, బాలానగర్ వైపు కరెంటు పనివాళ్లు దశాబ్దాలుగా హైలం అని పిలుస్తున్నది కూడా అదే జాతి వస్తువు. బట్ట రకమే కావాలని అడిగి తీసుకో, కాగితం రకం అంచుల్లో పెచ్చులూడుతుంది. నూనె రాసి 400 నంబరు ఎమరీతో రుద్ది అక్కడితో ఆపు. అద్దంలా మెరిసే పిడి తడి చేతికి జారుతుంది, కొంచెం గరుకుగా వదిలిన బట్ట పలక తడిసినప్పుడు ఇంకా బాగా పట్టు ఇస్తుంది.

మోరాన్ అలల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నీవు దాని పక్కన "మన కోనసముద్రం ఉక్కుకు గుర్తుగా" అని వ్రాశావు. ఆ భావన నాకు నచ్చింది, కానీ విషయం వేరు. 1973లో మోరాన్ తోటి కత్తి తయారీదారుల ప్రదర్శనకు తెచ్చి అందరినీ ఆశ్చర్యపరచిన డమాస్కస్ కత్తులు రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికించి, మడిచి, మళ్లీ అతికించి చేసినవి. మీ ఊరికి ఎంతో దూరం లేని కోనసముద్రంలో మన పూర్వులు చేసిన ఉక్కు అలా మడిచినది కాదు. మట్టి మూసలలో ఇనుమును పెట్టి, మూతపెట్టి కరిగించి, నిదానంగా చల్లార్చిన ముద్ద అది. దానిలోని అలలు ఉక్కు లోపలే కార్బైడ్ గింజలు, అంటే కార్బన్ కలిసిన గట్టి రేణువులు, బారులు తీరడం వల్ల పుట్టినవి. పర్షియా వర్తకులు ఆ ముద్దలు కొనడానికి అంతదూరం వచ్చేవారని 19వ శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్లిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాశాడు. ప్రపంచం దాన్ని ఊట్జ్ అంటే, ఆ మాట మన ఉక్కు నుండే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. అమెరికాలో గుర్రాలకు లాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే, ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్ కలిసి ఎన్నో ఏళ్లు శ్రమించి, అతి స్వల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాల వల్ల ఆ బారులు ఏర్పడతాయని చూపించారు. అందువల్ల మడత డమాస్కస్ కొని దానికి కోనసముద్రం పేరు పెట్టడం ఇద్దరికీ న్యాయం కాదు, మోరాన్‌కూ కాదు, మన కమ్మరులకూ కాదు. నీ తొలి కత్తికి సాదా ఉక్కు చాలు. మోరాన్ నుండి తీసుకోవాలనుకుంటే ఆయన పరీక్షను తీసుకో. 1976లో ఆయన నెలకొల్పిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అనే కత్తి కమ్మరుల సంఘం పరీక్షలో కమ్మరి తన కత్తితో వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి, రెండు అంగుళాలు నాలుగు అంగుళాల కట్టెను రెండుసార్లు నరకాలి, ఆ తరువాత కూడా అదే వాదరతో చేతి మీది వెంట్రుకలు గొరగాలి, చివరికి అలుగును 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. నీ చిన్న కత్తికి అంత పరీక్ష అక్కరలేదు. కానీ నీ కత్తి ఏ పనికి నిలబడాలో ముందే వ్రాసిపెట్టుకొని, చేశాక ఆ పనితోనే పరీక్షించాలన్న ఆయన పట్టుదలను మాత్రం నీవు తెచ్చుకోవాలి.

ఇక గీయడం. గ్రాఫ్ కాగితం మీద అసలు కొలతకే గీయి, చిన్నదిగా గీసి పెద్దది చేయవద్దు. అలుగు 4 అంగుళాలు, పిడి నీ అరచేతి వెడల్పుకు ఒక వేలు ఎక్కువ, అంటే దాదాపు 115 మిల్లీమీటర్లు. వెన్ను వంపును చేత్తో గీస్తే ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మూపురం వస్తుంది. సన్నని హాక్సా బ్లేడును రెండు మేకుల మధ్య వంచి, దాని ఒంపు వెంబడి పెన్సిల్ నడిపించు. ఉక్కు తనంతట తాను వంగిన ఒంపులో తడబాటు ఉండదు. వెన్ను పిడి దగ్గర నుండి మూడింట రెండు వంతుల దూరం దాదాపు తిన్నగా వచ్చి, చివరి వంతులో నెమ్మదిగా కిందికి వాలాలి. నీ చిత్రంలో అది మధ్య నుండే వాలడం మొదలుపెట్టింది, అందువల్ల అలుగు అలసిపోయినట్లు కనిపిస్తున్నది. పిడి పై గీత, వెన్ను గీత ఒకే ఒంపులో కలిసిపోవాలి. కాగితాన్ని కంటి ఎత్తుకు ఎత్తి, గీత వెంబడి ఏటవాలుగా చూస్తే విరుపు ఉన్నచోటు వెంటనే తెలుస్తుంది.

గీసిన వెంటనే ఉక్కు జోలికి పోవద్దు. నిర్మల్ వెళ్లే దారిలో బొమ్మల పనివాళ్ల దగ్గర ఒక పొణికి చెక్క ముక్క అడిగి తెచ్చుకో. ఆ కర్ర చాకుతో గీసినా మెత్తగా తెగుతుంది, తప్పు చేస్తే మరో ముక్క పావుగంటలో తయారవుతుంది. అలుగు, పిడి అంతా కలిపి దానితో నమూనా చెక్కు. పిడిని చూపుడువేలి దగ్గర 16, అరచేతి మధ్య 21, చిటికెనవేలి దగ్గర 18 మిల్లీమీటర్ల మందంతో మొదలుపెట్టు. అడ్డుకోత గుండ్రంగా ఉండకూడదు, కోడిగుడ్డును పక్కకు నొక్కినట్లు ఉండాలి. గుండ్రని పిడి చేతిలో ఎటైనా తిరుగుతుంది, పిడి తిరిగితే ఏమవుతుందో మా తమ్ముడి బొటనవేలు సాక్ష్యం. ఆ తరువాత చేతికి బొగ్గుపొడి పలుచగా రాసుకొని, నమూనాను గట్టిగా పట్టి, చేప కోసే కదలికలన్నీ చేసి, చేయి విప్పి చూడు. తెల్లని పొణికి మీద మసి చిక్కగా అంటినచోట పిడి నీ చేతిని నొక్కుతున్నదని అర్థం, అక్కడ గీకు. మసి అంటనిచోట చేయి గాలిలో ఉంది, అక్కడికి చేయి వచ్చేలా చుట్టుపక్కల తగ్గించు. రెండు మూడుసార్లు ఇలా చేశాక మసి సమానంగా పరచుకుంటుంది. అప్పుడు దాన్ని వారం రోజులు తోటకు తీసుకువెళ్లి, జేబులో పెట్టుకొని తిరుగు, నీ చేతికి అలవాటు పడనివ్వు. మీ అమ్మ చేతికి కూడా ఇచ్చి చూడు. ఆమె జీవితమంతా కత్తిపీట మీద కూరగాయలు తరిగింది. కత్తిపీటలో అలుగు నిలబడి ఉంటుంది, కదిలేది కూరగాయ. అందుకే మన ఇళ్లలో పిడి గురించి ఆలోచించే అవసరం తక్కువ. చేతిలో పిడి ఎక్కడ ఒత్తుకుంటున్నదో అలవాటు లేని చేయి త్వరగా చెబుతుంది.

ఉక్కు విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఎంపిక తేలిక. లవ్‌లెస్ 1970లలో ప్రసిద్ధం చేసిన 154సీఎం మంచి స్టెయిన్‌లెస్ ఉక్కే, కానీ దానికి 1,050 డిగ్రీలు దాటిన వేడి, గాలి తగలని కొలిమి కావాలి. నీకు మన టూల్ రూముల్లో నిత్యం వాడే ఓహెచ్ఎన్ఎస్, అంటే నూనెలో ముంచితే గట్టిపడే ఉక్కు, పట్టీ చాలు. 800 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా వేడిచేసి, 60 డిగ్రీలకు వెచ్చబెట్టిన నూనెలో ముంచి, చల్లారగానే 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపరింగ్ చేస్తే, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కాస్తే, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద 60 దగ్గర నిలుస్తుంది. మన పల్లె కమ్మరి పాయనం పెట్టడం అనేదీ ఇదే పని, కాకపోతే ఆయన అలుగు రంగు చూసి చేస్తాడు, మేము మీటరు చూసి చేస్తాం. ఈ ఉక్కు తుప్పు పడుతుంది. నిమ్మ, మామిడి సొన తగిలితే నల్లని మచ్చ వస్తుంది. వాడిన వెంటనే కడిగి తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. ఆ మచ్చలు కాలంతోపాటు మరొక రంగుగా స్థిరపడతాయి, నాకు అవంటే ఇష్టం.

గీసేటప్పుడే ఈ కాల్చడం గురించి ఆలోచించాలి. ఒకసారి ఒక కత్తికి పిడి మొదలయ్యేచోట లోపలి మూలను కత్తిరించినట్లు పదునుగా కోశాను. అక్కడే నా గుర్తును కూడా లోతుగా చెక్కాను. నూనెలో ముంచిన రెండో క్షణంలో టంగుమని చిన్న శబ్దం వినిపించింది. తీసి చూస్తే ఆ మూల నుండి గుర్తు మీదుగా వెన్ను వరకు వెంట్రుక సన్నని పగులు ఉంది. రెండు వారాల పని పోయింది. ఉక్కు చల్లబడుతూ బిగుసుకునేటప్పుడు ఒత్తిడంతా లోతైన గీతలోనూ, పదునైన లోపలి మూలలోనూ గుమికూడుతుంది. కాబట్టి నీ చిత్రంలో ప్రతి లోపలి మూలనూ కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల గుండ్రంతో మళ్లీ గీయి. కాల్చడానికి ముందు వాదరను 0.8 మిల్లీమీటర్ల మందంతో వదిలి, టెంపరింగ్ అయ్యాక 0.4కు దించు.

పట్టీ మందం 4 మిల్లీమీటర్లు తీసుకొని, పిడి లోపల ఉక్కును చివరికి వచ్చేసరికి ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకు సన్నబరచు. లవ్‌లెస్ చేసినది ఇదే. సన్నబరచకపోతే పిడి బరువెక్కి, అలుగు చేతిలో తేలిపోతుంది. పూర్తయిన కత్తి చూపుడువేలి మీద పెడితే నిలవాలి. ఈ సన్నబరచడం విసుగు పుట్టించే పని, కానీ దీన్ని వదిలివేస్తే నీవు ఆ పెద్దాయన కత్తి ఆకారం తీసుకొని ఆయన పనితనాన్ని వదిలినట్లవుతుంది. నడిమధ్యలో ఉక్కు కొంత తవ్వి, అంచులు మాత్రమే పలకకు ఆనేలా చేస్తే జిగురు బాగా పట్టుకుంటుంది. పిడి పలకలకు ఎపాక్సీతోపాటు రెండు చోట్ల ఇత్తడి పిన్ను వేయి, ఒక్క జిగురును నమ్మవద్దు.

ఒర గురించి చివరకు ఆలోచిద్దామనుకోవద్దు. కత్తి చిత్రం పక్కనే దాన్నీ గీయి, పిడి ఎంత భాగం ఒర బయట ఉంటే వేళ్లు పట్టుకోగలవో లెక్కవేసుకో. తోలు ఒరలో తడి కత్తి ఎప్పుడూ పెట్టవద్దు. చట్టం సంగతి కూడా ఒక మాట. 9 అంగుళాల కంటె పొడవైన లేదా 2 అంగుళాల కంటె వెడల్పైన అలుగున్న కత్తులను, అవి ఇంటిపని, వ్యవసాయం, శాస్త్రం, పరిశ్రమల కోసం చేసినవి కానప్పుడు, మన ఆయుధ నియమాలు ఆయుధాలుగా లెక్కిస్తాయి. నీది 4 అంగుళాల పనికత్తి. అయినా బస్టాండులోనూ, జాతరలోనూ నడుముకు కట్టుకొని తిరగవద్దు.

గుర్తు గురించి అడిగావు. అలుగు మీద నీ పేరు మాత్రమే ఉండాలి, యాసిడ్‌తో పైపైన వేసిన గీతగా, కాల్చిన తరువాత. లవ్‌లెస్ పేరు గానీ, ఆయన గుర్తును పోలిన గీత గానీ ఎంత గౌరవంతోనైనా వేయవద్దు. రేపు నీ తరువాత అది ఎవరి చేతికి పోతుందో, ఏమని అమ్ముతారో మనం చెప్పలేం. ఎవరైనా చూసి ఈ మొన ఎక్కడిదని అడిగితే లవ్‌లెస్‌దని నోటితో చెప్పు, ఆయన ఎందుకు అలా దించాడో కూడా చెప్పు, పిత్తాశయం సంగతితో సహా. పెద్దలకు మనం ఇచ్చే మర్యాద అక్కడ ఉంటుంది.

రెండు ఓహెచ్ఎన్ఎస్ పట్టీలు, 4 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల వెడల్పువి ఈ వారం పార్సిల్‌లో పంపుతున్నాను. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న ధైర్యంతో మొదటిదాన్ని కోయి. అంతకు ముందు కొత్త చిత్రం, మసి మరకలతోనే ఉన్న పొణికి నమూనా రెండూ నాకు పంపు. మసి కడగవద్దు, ఎక్కడ అంటిందో నేను చూడాలి. కాల్చే రోజు మాత్రం నీవు ఇక్కడికే రా. మాకు తెలిసిన హీట్ ట్రీట్‌మెంట్ షాపులో మఫిల్ కొలిమి ఖాళీగా ఉండే సాయంత్రం చూసి పెడతాను. మొదటి అలుగు నూనెలో మునిగేటప్పుడు నేను పక్కన ఉండాలని నా కోరిక.

అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ